రగ్గు ఎవరికిచ్చావురా?

నేను తబూక్‌లో ఉంటున్నానంటే మా ఊళ్ళో ఎవరికీ అర్థం కాదు. వాళ్ళకి సౌదీ అంటే రియాదూ, జెడ్డా, మక్కా. "అబ్బే, ఇంకా పైకండీ, జోర్డాన్ బోర్డరు దగ్గర" అంటే "అక్కడేముంది?" అంటారు. ఇక్కడ ఉన్నది మిలిటరీ. కింగ్ అబ్దుల్ అజీజ్ మిలిటరీ సిటీ, కింగ్ ఫైసల్ ఎయిర్ బేస్. ఏ చాయ్ కొట్టు దగ్గర నిలబడినా పక్కన యూనిఫాంలో ఎవరో ఒకరుంటారు. ఇంకొకటి చలి. సౌదీ అనగానే మనకి ఎండే గుర్తొస్తుంది గానీ, జనవరి తెల్లవారుజామున ఇక్కడ నీళ్ళు గడ్డకట్టే రోజులుంటాయి. జబల్ అల్ లౌజ్ కొండ మీద మంచు పడితే జనం కార్లేసుకుని చూడ్డానికి పోతారు. ఈ చలి సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనుంది.

నేనొచ్చింది 2022లో. నియోమ్ పుణ్యమా అని అప్పటికి ఈ ప్రాంతంలో ఎటు చూసినా లేబర్ క్యాంపులే. ఓ కాంట్రాక్టు కంపెనీకి హాజరు, జీతాల లెక్కల సాఫ్ట్‌వేరు పెట్టడం నా పని. (ఎమ్మెస్ చదివింది ఇందుకా అని మా నాన్న ఇప్పటికీ అడుగుతారు.) మిషను మీద వేలిముద్ర పడితే ప్రెజెంటు, పడకపోతే నాగా. ఒక రోజు నాగాకి రెండు రోజుల జీతం కోత. రూలు కంపెనీది, కోడు నాది.

ఆ క్యాంపు సూపర్‌వైజరు మన తెలుగాయనే. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరది, పేరులోనే మిలిటరీ ఉంది. ఈయన హవల్దారుగా రిటైరయ్యి, కూతురి పెళ్ళికి చేసిన అప్పు తీర్చడానికి ఇక్కడికొచ్చాడు. నేపాలీలతో సహా అందరూ ఆయన్ని "హవల్దార్ సాబ్" అనే పిలుస్తారు. గురువారం రాత్రి ఆయన చేపల పులుసు పెడితే నేను తప్పకుండా వాలిపోతాను.

అలా వెళ్ళిన ఒక గురువారం, 2022 డిసెంబరులో, ఆ గదిలో జగిత్యాల వైపు కుర్రాడొకడు ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో, మేస్త్రీ కింద పని. "ఏం తమ్ముడూ, బాగున్నావా?" అన్నాను. "మంచిగనే ఉన్న అన్నా" అన్నాడు. నవ్వాడు కూడా. అంతే, నేను పులుసు వాసన మీద పడ్డాను.

నిజానికి ఆ కుర్రాడి పేరు నాకప్పటికే తెలుసు. ఆ వారం నా రిపోర్టులో అతని పేరు ఎదురుగా నాలుగు ఎర్ర గళ్ళు పడ్డాయి. సిమెంటు పనిచేసేవాళ్ళ వేళ్ళు అరిగిపోయి మిషను గుర్తుపట్టదు, అదో పెద్ద తలనొప్పి మాకు. ఇదీ అదే అనుకుని, మిషను చూడమని ఓ టికెట్ రాసి పడేశాను.

హవల్దారు గారు గరిటె తిప్పుతూనే అతని మంచం వంక చూశాడు.

"రగ్గేదిరా?"

"పక్క రూంల నేపాల్ అన్నకిచ్చిన కాకా."

"మరి నీకో?"

"నాకెందుకు కాకా ఇగ."

ఆయన స్టవ్ ఆపేశాడు. వచ్చి కుర్రాడి పక్కన కూర్చుని, మామూలు గొంతుతోనే అడిగాడు: "ఒరేయ్ అబ్బాయ్, చచ్చిపోదామనుకుంటున్నావా?"

నాకు గుండె ఆగినంత పనయ్యింది. ఇదేం మనిషిరా బాబూ, లేని ఆలోచన పుట్టిస్తున్నాడు అనుకున్నాను. కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మొదలైన ఏడుపు గంటసేపు ఆగలేదు. ఏజెంటుకి కట్టిన రెండు లక్షలు, దాని మీద మిత్తి, నాయిన కుదువ పెట్టిన అరెకరం, రెండు నెలలుగా రాని జీతం, ఫోన్ చేస్తే ఇంట్లో కొట్లాట. పది రోజులుగా నిద్ర లేదు. పనికి పోలేదు, దాంతో ఇంకా కోత. ఆ కోత మాట దగ్గర నేను నేల చూపులు చూశాను.

హవల్దారు గారు ఒక్క సలహా ఇవ్వలేదు. "జీవితం విలువైనది" లాంటివేవీ అనలేదు. "సరేరా, నేనిక్కడే పడుకుంటాను" అన్నాడు, అంతే. రాత్రంతా వంతులేసుకున్నాం. నాది రెండు నుంచి నాలుగు. తెల్లారాక తెలిసిన మలయాళీ నర్సు ద్వారా ముందు క్లినిక్కుకి, అక్కణ్ణించి మానసిక వైద్యుడి దగ్గరికి. ఆయనే పక్కన కూర్చుని తీసుకెళ్ళాడు, "వెళ్ళిరా" అని పంపలేదు.

అలా ఎలా అడిగేశారండీ అంటే, వారం తర్వాత చెప్పాడు. సైన్యంలో ఇద్దరిద్దరిని జంట కడతారు, బడ్డీ అంటారు. తిండీ, కాపలా, నిద్రా అన్నీ పక్కపక్కనే. "మా బడ్డీ ఒకడు ఒకనాడు తన వాచీ నాకిచ్చాడండీ, ఉంచుకో అని. మంచోడు కదా అనుకున్నాను. రెండో రోజు పొద్దున్న..." అని ఆగిపోయాడు. కాసేపటికి, "అడగలేదండీ నేను. అడిగితే బాధపడతాడేమో అనుకున్నాను" అన్నాడు.

ఆ తర్వాత నేను నా అలవాటు కొద్దీ చదవడం మొదలుపెట్టాను. మన సైన్యంలో 2000ల దశకం చివర్లో ఏడాదికి వందకి అటూ ఇటూగా ఆత్మహత్యలు. పార్లమెంటులో చెప్పిన కారణాల్లో యుద్ధం కన్నా ఇల్లు ఎక్కువ కనబడుతుంది: భూమి తగాదాలు, అప్పులు, భార్యాభర్తల గొడవలు. రక్షణ మంత్రిగా ఉన్నప్పుడు ఆంటోనీ, జవాన్ల ఇళ్ళ దగ్గరి గొడవలు కాస్త పట్టించుకోమని ముఖ్యమంత్రులకి ఉత్తరాలు రాశారు. చదువుతుంటే నాకు జగిత్యాల కుర్రాడే గుర్తొచ్చాడు. మనిషి ఎక్కడో సరిహద్దులోనో ఎడారిలోనో, గొడవ ఊళ్ళో. మధ్యలో ఒక ఫోను.

అడిగితే ఆలోచన పుడుతుందన్నది కూడా వట్టి భయమేనట, పరిశోధనలన్నీ అదే చెబుతున్నాయి. అమెరికా సైన్యం దీన్ని ఒక చిన్న కార్డు మీద అచ్చేసి సిపాయిలకిచ్చింది: అడుగు, ఆదుకో, వెంటబెట్టుకుని తీసుకెళ్ళు. మా హవల్దారు గారు ఆ కార్డు ఎప్పుడూ చూళ్ళేదు.

కానీ పక్కవాడు ఒక్కడే సరిపోడు. నాకు బాగా నచ్చిన కథ అమెరికా వైమానిక దళానిది. 1996లో వాళ్ళ నేవీ అధిపతి అడ్మిరల్ బూర్డా ఆత్మహత్య చేసుకున్నాడు. అంత పెద్దాయనకే ఇలా అయితే కింది వాళ్ళ సంగతేమిటని, వైమానిక దళం పెద్దలు అదే ఏడాది పని మొదలుపెట్టారు. డాక్టర్లకి అప్పజెప్పి ఊరుకోలేదు. జనరల్ దగ్గర్నుంచి కింది కమాండరు దాకా ప్రతి ఒక్కడూ "సాయం అడగడం బలహీనత కాదు, అడిగితే నీ ఉద్యోగం పోదు" అని పదే పదే చెప్పాలి. పక్కవాణ్ణి కనిపెట్టుకుని ఉండడం అందరికీ నేర్పాలి. 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్కలొచ్చాయి, ఆత్మహత్య ముప్పు మూడో వంతు తగ్గింది. ఇహ నాలాంటి సాఫ్ట్‌వేరు వాడికి నచ్చే భాగం: 2004లో ఆ పని కాస్త అలక్ష్యం చేశారు, ఆ ఏడాది సంఖ్య మళ్ళీ పెరిగింది. అంటే ఒకసారి ఇన్‌స్టాల్ చేసి వదిలేసేది కాదన్నమాట. (ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో అమెరికా సైన్యాల్లో ఆత్మహత్యలు మళ్ళీ పెరిగాయి, అదీ చెప్పాలి.) ఇజ్రాయెల్ సైన్యం 2006లో ఇంకా చిన్న పని చేసింది. వారాంతం ఇంటికెళ్ళే కుర్రాళ్ళు తుపాకీ క్యాంపులోనే వదిలి వెళ్ళాలని ఒక్క ఆర్డరు. నలభై శాతం తగ్గాయి.

మా దగ్గర ఆర్డరు ఇచ్చేవాడెవరు? మేనేజరు. ఆయన దగ్గరికి నేనో ప్రతిపాదన పట్టుకెళ్ళాను. వరసగా రెండు రోజులు నాగా పడితే ముందు సూపర్‌వైజరు ఫోనుకి మెసేజీ వెళ్ళాలి, ఆయన మనిషిని చూసి కారణం రాసేదాకా కోత పడకూడదు. "నువ్వు పెడుతున్నది హాజరు సిస్టమా, ఆసుపత్రా?" అన్నాడు. మూడు మీటింగులయ్యాయి. చివరికి "సిబ్బంది టర్నోవరు తగ్గుతుంది" అని నేనో అబద్ధం లాంటి నిజం చెప్పాక ఒప్పుకున్నాడు. రెండు రోజుల కోత రూలు మాత్రం తియ్యలేదు. కోడు రాయడానికి నాకు పట్టింది ఒక మధ్యాహ్నం.

2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం, గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి ఐదు లక్షలు ఇస్తామని ఉత్తర్వులిచ్చింది. మంచిదే, కాదనను. ఆ కుర్రాడి అప్పు రెండు లక్షలు. ఈ లెక్క నా బుర్రలోంచి పోవడం లేదు. అన్నట్టు, ఇండియాలో ఉన్న ఇంటివాళ్ళకి టెలి మానస్ అని ఒక హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఎవరైనా ఫోన్లో తేడాగా మాట్లాడుతుంటే, ఏం చెయ్యాలో వాళ్ళని అడగొచ్చు.

కుర్రాడు మందులు వాడాడు, ఆగిన జీతం ఫిబ్రవరిలో వచ్చింది, తర్వాతి ఏడాది కంపెనీ మారాడు. ఇప్పుడు యాన్బూలో ఉన్నాడు. అప్పు ఇంకా ఉంది. హవల్దారు గారు మాధవరం వెళ్ళిపోయాడు. ప్రతి శుక్రవారం అక్కణ్ణించి మా అందరికీ వరసగా ఫోను చేస్తాడు. "బాగున్నారా?" అంటాడు. బాగున్నానండీ అంటే, ఒక్క క్షణం ఆగి, "సరే, ఇప్పుడు నిజం చెప్పండి" అంటాడు.

ఈ చలికాలం నాకు పని ఒత్తిడో, ఇంకేదో, రెండు శుక్రవారాలు ఫోను ఎత్తలేదు. మూడో వారం వాట్సాప్‌లో ఒకే ముక్క పెట్టాడు: "రగ్గు ఉందాండీ?"

ఉందండీ అని ఫోటో తీసి పంపించి, అప్పుడు ఫోను చేశాను.