దూరాన్నుంచి కొట్టాన్రా!

పొద్దున్న ఆరున్నర. ఇంకా చీకటే. ఓక్ చెట్టు మొదట్లో, రాలిన ఆకుల మీద కూర్చున్నాం. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. దగ్గొస్తే మింగేస్తున్నాను. నా పక్కన డెబ్భై దాటిన పెద్దాయన. ఆయన ఒళ్లో ఓ పొట్టి తుపాకి. ఇద్దరి ఒంటి మీదా కళ్లు జిగేల్మనే నారింజరంగు కోట్లు. ‘ఇంత రంగేసుకుంటే జింకలు పారిపోవా?’ అని ముందురోజే అడిగాను. ‘మనకు కనిపించినట్టు వాటికి ఈ రంగు కనిపించదు. కనిపించాల్సింది అవతలి వేటగాడికి’ అన్నాడాయన.

అది 2022 నవంబరు 28, సోమవారం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో తుపాకితో జింకల వేట మొదలయ్యే రోజు. కొలంబస్‌లో ఉంటున్న అక్కావాళ్లింటికి సెలవు మీద వెళ్లాను. పెద్దాయన వాళ్ల పొరుగువాడు. గంటన్నర దూరంలో కొండల మధ్య ఆయనకు కాస్త అడవి ఉంది. ‘వస్తావా?’ అన్నాడు. వస్తానన్నాను. అక్కకు నచ్చలేదు. ‘నోరులేని జీవాన్ని చంపుతుంటే చూడ్డానికి వెళ్తావా?’ అంది. ‘పోనీవే, రాసుకునేవాడు’ అని బావ సర్దిచెప్పాడు.

నిజానికి నేను వెళ్లింది రాసుకోవడానికి కాదు. మా తాతయ్య కోసం.

తాతయ్యది మార్కాపురం దగ్గర పల్లె. నల్లమల అంచు. వయసులో ఉన్నప్పుడు ఆయన దగ్గర ఓ నాటుతుపాకి ఉండేదట. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా తాతయ్య అడవికి వెళ్లేవాడట. ఓసారి ఓ దుప్పిని కొట్టాడు. తగిలింది కానీ పడలేదు. పొదల్లోకి పారిపోయింది. మూడు రోజులు వెతికాడు. మూడో రోజు పైన రాబందులు తిరుగుతుంటే, ఆ గుర్తు పట్టుకుని వెళ్లాడు. ఆ తర్వాత తుపాకి ముట్టుకోలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. చట్టానికి భయపడే మానేశాడని ఊళ్లో అందరూ అనుకున్నారు. చిన్నప్పుడు నేనడిగితే మాత్రం ఆయన ఒకటే మాట అనేవాడు... ‘దూరాన్నుంచి కొట్టాన్రా!’

గురి తప్పిందని చెబుతున్నాడనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

పొట్టి తుపాకి... పొట్టి చూపు

పెద్దాయన ఒళ్లో ఉన్నది లీవర్ తుపాకి. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఉంగరాన్ని కిందికి లాగి పైకి నొక్కితే పాత డొప్ప బయటికి ఎగిరిపడి కొత్త తూటా లోపలికి వెళుతుంది. చక్... చక్! కౌబాయ్ సినిమాలు చూసినవాళ్లకు ఆ చప్పుడు కొత్త కాదు. మనకు కౌబాయ్ అంటే 1971 నాటి ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కృష్ణే కదా. ఆయన కన్నుమూసి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. అక్కావాళ్లింట్లో ముందు రాత్రి అదే సినిమా.

ఈ తుపాకి తినే తూటా మాత్రం రైఫిల్‌ది కాదు, పిస్తోలుది. ఆ అలవాటు పాతదే. 1873లో వించెస్టర్ కంపెనీ ఓ లీవర్ రైఫిల్ తెచ్చింది. దాని తూటానే వాడేలా కోల్ట్ కంపెనీ 1878లో రివాల్వర్ చేసింది. గుర్రం మీద తిరిగేవాడికి సంచిలో ఒకే రకం తూటాలుంటే చాలు! పెద్దాయన తుపాకిలోది 1955లో వచ్చిన 44 మాగ్నమ్. అదీ మొదట రివాల్వర్ కోసం పుట్టిందే. గుండు బరువు 15.5 గ్రాములు. పొడవాటి గొట్టంలోంచి వస్తుంది కాబట్టి రైఫిల్‌లో దాని వేగం పెరిగి సెకనుకు సుమారు 1,700 అడుగులకు చేరుతుంది. దాని మూతి మొద్దుగా ఉంటుంది. ఎందుకంటే తూటాలన్నీ గొట్టం కింద ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. మూతి సూదిగా ఉంటే ముందున్న తూటా వెనక భాగానికి గుచ్చుకుని అక్కడే పేలిపోవచ్చు.

మొద్దు మూతి గాలిని చీల్చుకు పోలేదు. వంద గజాల దాకా బాగానే వెళుతుంది. వంద గజాలకు గురి సరిచేసిన తుపాకితో రెండొందల గజాల్లో ఉన్నదాన్ని కొట్టబోతే గుండు అడుగుకు పైనే కిందికి జారిపోతుంది. ఒహాయోలో ఊళ్లూ ఇళ్లూ ఎక్కువ. అందుకే అక్కడ చాలాదూరం పోయే మామూలు రైఫిళ్లతో జింకల్ని వేటాడనివ్వరు. ఇలా నిటారు డొప్ప ఉన్న తూటాల రైఫిళ్లను 2014 నుంచి అనుమతించారు. అదీ ఒకసారికి మూడు తూటాలే నింపాలి.

‘అసలు జింకల్ని చంపనివ్వడమేంటి?’ అక్క ప్రశ్నే నేనూ అడిగాను. కారులో వస్తూ పెద్దాయన చెప్పింది వింటే ఆశ్చర్యమేసింది. 1904 నాటికి ఒహాయోలో ఒక్క జింక కూడా మిగల్లేదు. మాంసం అమ్ముకోవడానికి చంపి, అడవులు నరికి ఖాళీ చేసేశారు. తర్వాత బయటి నుంచి తెచ్చి వదిలారు. వేటకు లెక్క పెట్టారు. వేటాడిన జింక మాంసం అమ్మడం నేరం. 1937 నుంచి తుపాకులు, తూటాల మీద వసూలు చేసే పన్ను వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది. ఇప్పుడు జింకలు పొలాల మీద పడుతున్నాయి, కార్లకు అడ్డం పడుతున్నాయి. వాటిని తినే తోడేళ్లు అక్కడి అడవుల్లో లేవు మరి. మన దగ్గర లెక్క వేరు. వేట నేరం. అలాగే ఉండాలి కూడా.

‘నా కళ్లకు యాభై గజాలే’

తెల్లారింది. ఎనిమిదింటికి లోయ అవతల ఓ మగ జింక వచ్చింది. కొమ్ములు చూస్తే నాకే ఊపిరాగింది. ఎనభై గజాలుంటుంది. పక్కకు తిరిగి నిలబడింది. పెద్దాయన తుపాకి ఎత్తాడు. చూశాడు. మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు.

‘కొట్టరేం?’ గుసగుసగా అడిగాను.

‘తుపాకికి వంద గజాలు. నా కళ్లకు యాభైయే’ అన్నాడు.

ఆ తుపాకికి దుర్భిణీ లేదు. గొట్టం చివర చిన్న పూస, వెనక ఓ గాడి... అంతే. జింక తీరిగ్గా నడుచుకుంటూ పోయింది.

పదింటికి మా కుడివైపు ఆకులు గరగరలాడాయి. ఆడ జింక. ఓక్ కాయలు ఏరుకు తింటూ వస్తోంది. నలభై గజాలు... ముప్పై... పాతిక. దాని ముక్కులోంచి వచ్చే పొగ కనిపిస్తోంది. నమిలే చప్పుడు వినిపిస్తోంది. చెవి మీద పాత గాటు. నాకు తెలియకుండానే ‘వెళ్లిపో’ అనుకున్నాను. దాని తల చెట్టు చాటుకు వెళ్లాక పెద్దాయన బొటనవేలితో సుత్తిని మెల్లగా వెనక్కి లాగాడు. తల బయటికొచ్చింది. భుజం వెనకాల... ఢాం!

జింక ఎగిరి దూకి పరుగెత్తింది. నేను లేవబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ‘అరగంట కూర్చోవాలి. తరిమితే అది ఇంకా దూరం పోతుంది.’

ఆ అరగంట నాకు బాగా గుర్తు. ఆయన చేతులు వణుకుతున్నాయి. యాభై ఏళ్లుగా వేటాడుతున్న మనిషి! ‘ఈ అరగంటకు మాత్రం ఇప్పటికీ అలవాటు పడలేదు’ అన్నాడు, నావైపు చూడకుండా.

వెళ్లి చూస్తే ఆకుల మీద నెత్తురు. గులాబీరంగులో, నురగతో. ‘ఊపిరితిత్తులకు తగిలింది. ఎక్కువసేపు బాధపడి ఉండదు’ అన్నాడు. అడుగడుగూ చూసుకుంటూ వెళ్లాం. అరవై గజాల్లో పడి ఉంది. పుల్లతో కంటిని తాకి చూశాడు. కదల్లేదు. టోపీ తీసి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పుడు కత్తి తీశాడు. పొట్ట కోయగానే లోపలి వేడికి ఆవిరి లేచింది. నేను మొహం తిప్పుకోబోయాను. తిప్పుకోలేదు. దాని చెవి మీది గాటు నాకు తెలుసు. ఎలా నమిలిందో తెలుసు. అంత దగ్గర్నుంచి చూశాక మొహం తిప్పుకునే హక్కు ఉండదనిపించింది.

దూరం నుంచి చూస్తే అది జింక. దగ్గరికొస్తే ఈ జింక. తప్పు జరిగినా దాని లెక్క మన దగ్గరే ఉంటుంది.

ఆ రాత్రి పెద్దాయన ఇచ్చిన మాంసం బావ అల్లంవెల్లుల్లి వేసి వండాడు. అక్క ముట్టుకోలేదు. నేను తిన్నాను. మాట్లాడకుండా తిన్నాను. తర్వాత మార్కాపురంలో నాన్నకు ఫోన్ చేశాను.

‘నాన్నా, తాతయ్య ఆ దుప్పిని ఎంత దూరం నుంచి కొట్టాడు?’

‘ఇప్పుడెందుకురా అది?’

‘చెప్పు నాన్నా.’

నాన్న కాస్త ఆలోచించాడు. ‘గుండ్లకమ్మ ఇవతల నిలబడి కొట్టాడట. అది అవతలి ఒడ్డున నీళ్లు తాగుతోందట.’

ఆ ఒడ్డు నాకు తెలుసు. ఎండాకాలం సెలవుల్లో ఇవతలి నుంచి కేకేస్తే అవతలున్నవాడు ఎవడో పోల్చుకోవడమే కష్టమయ్యేది. తాతయ్య చెప్పింది గురి గురించి కాదు. ఆ మాట ఆయనతో చెబుదామంటే, ఆయన పోయి పదేళ్లు దాటింది.