పేరు పెట్టని ముసురు

బాపట్ల వాతావరణ కేంద్రం ఆవరణలో నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన తెల్లటి చెక్కపెట్టె ఉంది. చుట్టూ గాలాడే ఏటవాలు రెక్కలు, లోపలికి ఎండ పడకుండా ఉత్తరం వైపు తలుపు. లోపల నాలుగు థర్మామీటర్లు. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, గుడ్డ కొసను చిన్న నీళ్ల సీసాలో ముంచి ఉంచారు. పొద్దున ఎనిమిదిన్నరకు వాటి అంకెలూ, వానమాపకంలో నీళ్లూ రాసుకుంటారు.

నేను అడగాలనుకున్నది తుఫాను గురించి కాదు, దానికి ముందుండే అల గురించి. ఉష్ణమండలంలో తూర్పుగాలి తిన్నగా వీచదు, వేల కిలోమీటర్ల పొడవైన వంపులు తిరుగుతూ వస్తుంది. వంపు మన మీదుగా దాటేటప్పుడు ఈశాన్యపు గాలి ఆగ్నేయానికి మళ్లుతుంది, మబ్బు కమ్ముతుంది. 1945 ప్రాంతంలో హెర్బర్ట్ రీల్ కరీబియన్ దీవుల దగ్గర వీటి తీరు వివరించాడు. మనకు శీతకాలం ముందు ఇవి థాయ్‌లాండ్ వైపు నుంచి అండమాన్ మీదుగా బంగాళాఖాతంలోకి దిగుతాయి. ఏ ఒకటో రెండో బలపడి తుఫానవుతాయి. 2023 నవంబరు చివర అండమాన్ సముద్రం దగ్గర అల్పపీడనంగా మొదలై, డిసెంబరు 5 మధ్యాహ్నం బాపట్లకు దక్షిణంగా తీరం దాటిన మిగ్‌జాం అలా ముదిరినదే. మిగతావి పేరు లేకుండానే కురిసి పోతాయి.

తెనాలిలో ఒక పరిశోధక విద్యార్థి ల్యాప్‌టాప్‌లో ప్రాంతీయ మోడల్ చూపించాడు. బంగాళాఖాతాన్ని చతురస్రపు గళ్లుగా కోసి, ఒక్కో గడిలో గాలి, తేమ, వేడి లెక్క కడుతుంది. అంచుల్లో ఏం జరుగుతోందో మాత్రం దానికదే తెలుసుకోలేదు. ప్రపంచ మోడల్ నుంచి తెచ్చుకోవాలి. రేపల్లె శివారు చేను ఎగువ కాలువ మీద ఆధారపడ్డట్టే. “తూర్పు అంచు అండమాన్ దగ్గర గీస్తే అల లోపలికొచ్చేసరికే చెడిపోతుంది సార్. థాయ్‌లాండ్ దాటించి గీస్తే లెక్క ఎప్పటికి తెమలాలి?” అన్నాడు. ఇంకో చిక్కు మేఘాలది. పాతిక కిలోమీటర్ల గడిలో విడి మేఘం కనపడదు, సూత్రంతో అంచనా కట్టాల్సిందే. సూత్రం మారిస్తే అదే అల వాన ఒకసారి ఒంగోలు మీద, ఒకసారి సముద్రంలో పడింది. నాకు నచ్చింది అతను దాన్ని దాచకపోవడం.

రేపల్లెతో రైలు పట్టాలు ఆగిపోతాయి. కృష్ణ అవతల 1977 నవంబరు 19 ఉప్పెన ఊళ్లను ఊడ్చేసిన దివిసీమ. ఇవతల చేలల్లో బాపట్లలోనే పుట్టిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి. ఐదు నెలల పంట. కోతకొచ్చేది సరిగ్గా ఈ అలల రోజుల్లోనే.

“తుఫానైతే టీవీవాళ్లే గొంతు చించుకుంటారండీ. మామూలు ముసురుకి ఎవరు చెప్తారు? పనలు రెండ్రోజులు నానితే గింజ మొలకెత్తుద్ది,” అన్నాడు గట్టు మీద రైతు. మిషను కోతైనా ధాన్యం రోడ్డు మీద ఆరాల్సిందేగా!

తుఫాను దారి ఎంత సరిగ్గా చెప్పిందన్నదే మోడల్‌కి పరీక్షగా పెడుతున్నాం. పేరులేని ముసురును మూడు రోజుల ముందు పట్టిందా అన్నది అంతకన్నా పెద్ద పరీక్ష. అందాకా, కోతల రోజుల్లో బులెటిన్‌లో ‘ఉపరితల ఆవర్తనం’, ‘తూర్పు గాలుల ద్రోణి’ అన్న మాట వినపడితే, తుఫాను పేరు కోసం చూడకండి. కోత రెండ్రోజులు ఆపండి.