కూడల సంగమంలో ఒక పూట

మా మనవడి పుట్టువెంట్రుకలు ఏడాదిగా మా ఇంట్లో తేలని పంచాయితీ. ఆ పంచాయితీయే మమ్మల్ని కృష్ణ ఒడ్డున ఉన్న కూడల సంగమం దాకా తీసుకెళ్ళిందంటే వింతగా ఉంటుంది గాని, జరిగింది అదే.

మాది బళ్ళారి. ముత్తాతల నాడే ఆళ్ళగడ్డ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాం. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసినా, మా ఇంట్లో పుట్టినవాడి తొలి జుట్టు మాత్రం అహోబిలం నరసింహస్వామికే. నాకూ అక్కడే తీశారు, మా అబ్బాయికీ అక్కడే. మా కోడలు ఇలకల్లు లింగాయతుల అమ్మాయి. మెడలో ఇష్టలింగం. పొద్దున్నే స్నానం చేసి, ఎడమ అరచేతిలో లింగం పెట్టుకుని పావుగంట దాన్నే చూస్తూ కూర్చుంటుంది. అంతే ఆమె పూజ. మా దేవుడి గదిలోకి వస్తుంది, దీపం వత్తి సరిచేస్తుంది, దణ్ణం మాత్రం పెట్టదు. "నాకు దేవుడు ఒక్కడే అజ్జీ" అని కాపురానికి వచ్చిన వారానికే మా అమ్మతో చెప్పేసింది. కొడుక్కి లింగధారణ కూడా చేయించింది. అహోబిలం మాటెత్తితే నవ్వి ఊరుకుంటుంది. మూడో ఏడు వెళ్ళకముందే తల నీలాలు ఇవ్వాలని 82 ఏళ్ళ మా అమ్మ పట్టు.

చివరికి మా వియ్యంకులే ఫోన్ చేశారు. "బీగరే, వాదన తర్వాత. ముందు అందరం కలిసి ఒకసారి సంగమం చూసొద్దాం రండి" అన్నారు. కార్తీకంలో ఒక శనివారం చీకటితోనే బయలుదేరాం. హొసపేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట, ఆ తర్వాత కుష్టగి దారి. ఒక చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బళ్ళారి వాళ్ళకు దారిలో అది తినకపోతే ప్రయాణం చేసినట్టే ఉండదు.

ఇలకల్లులో మగ్గాల చప్పుడు వినిపించే వీధిలో వియ్యంకుల ఇల్లు. ఆయన రిటైరైన బడి పంతులు. జొన్నరొట్టె, నూనె వంకాయ, వేరుసెనగ పొడి వడ్డిస్తూ వియ్యపురాలు కొసరుతుంటే, నేనే కాస్త తొందరపడి మన ఇళ్ళల్లో అందరం అనే మాట అనేశాను. "ఎన్ని పేర్లతో పిలిచినా దేవుడు ఒక్కడే కదండీ!"

ఆయన రొట్టె తుంచుతూ అన్నారు. "అందరూ ఒక్కటే అయితే బీగరే, ఒక్కడితో సరిపెట్టుకోవడానికి కష్టమేమిటి?"

నాకు జవాబు తోచలేదు. ఇన్నేళ్ళుగా ఆ మాట అనడమే గాని, దానికి నేనేమైనా వదులుకోవాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

భోజనాలయ్యాక సంగమానికి వెళ్ళాం. హునగుంద దాటాక నల్లరేగడి చేలు. ఉన్నట్టుండి ఎదురుగా సముద్రమంత నీరు. మలప్రభ వచ్చి కృష్ణలో కలిసే చోటు ఇది. కింద నారాయణపురం ఆనకట్ట వెనుక నీళ్ళు ఇక్కడి దాకా నిలిచి ఉంటాయి. ఒడ్డున చాళుక్యుల తీరులో కట్టిన సంగమేశ్వరాలయం. మన వైపు తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లిలోనూ సంగమేశ్వరుడే ఉండేవాడు. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు ఆ గుడిని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. ఇక్కడ గుడిని కదపలేదు గాని, బసవన్న ఐక్యమైన చోటును కాపాడడానికి చుట్టూ పెద్ద బావిలా సిమెంటు గోడ కట్టారు. వంతెన మీద నడిచి వెళ్ళి, ఆ గోడ లోపలి మెట్లు దిగాలి. అడుగున చిన్న రాతి మంటపం, అందులో లింగం. వెలుపల నది మన తలకన్నా ఎత్తులో ఉంటుందని తలుచుకుంటే కాళ్ళు కాస్త తడబడతాయి.

బసవన్న 12వ శతాబ్దం వాడు. చిన్నతనంలో చదువుకున్నది ఈ సంగమంలోనే. తన వచనాలన్నిటికీ ముద్రగా పెట్టుకున్నది ఈ కూడల సంగమదేవుడి పేరే. తర్వాత కల్యాణంలో బిజ్జలుడి కొలువులో పెద్ద పదవి. దేహమే దేవాలయమన్నాడు. భక్తుడికీ దేవుడికీ మధ్య పూజారి అక్కర్లేదని మెడలో లింగం కట్టాడు. చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కీ, బ్రాహ్మణుడైన మధువరసు కూతురికీ శరణులు పెళ్ళి చేస్తే, బిజ్జలుడు ఆ తండ్రులిద్దరినీ చంపించాడనీ, కల్యాణం అట్టుడికిపోయిందనీ చెబుతారు. బసవన్న తిరిగి ఇక్కడికే చేరాడు. ఈ కథలు మన భాషకు కొత్తవి కావు. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలోనే బసవ పురాణాన్ని ద్విపదలో రాశాడు. దాన్ని చూసే భీమకవి 1369లో కన్నడంలో బసవ పురాణం రాశాడు. "మా అణ్ణ కథ మీ ఇంటి మీదుగానే మాకు చేరింది" అని వియ్యంకులు మెట్లు దిగుతూ నవ్వారు.

మా అమ్మ మెట్లు దిగలేక పైనే కూర్చుంది. మేం వచ్చాక "కింద ఏ దేవుడు?" అని అడిగింది. దేవుడు కాదమ్మా, మనిషి, అన్నాను. "అయితే దణ్ణం పెడితే మీ కోడలు ఏమనుకోదుగా" అని నీళ్ళ వైపు తిరిగి చేతులు జోడించింది. గుడి వద్దన్నవాడి కోసం ఇంత సిమెంటు పోశారే అని నాకు అనిపించింది గాని, పైకి అనలేదు.

అమ్మ దేవుళ్ళ లెక్క మీకు చెప్పాలి. అహోబిలం, తిరుపతి, బళ్ళారి దుర్గమ్మ, కసాపురం ఆంజనేయుడు, మంత్రాలయం రాఘవేంద్రస్వామి. నాన్నకు జబ్బు చేసినప్పుడు చివరి ముగ్గురికీ మొక్కుకుంది. ఎవరు నయం చేశారో తెలియదు కనుక ముగ్గురికీ తీర్చింది. అప్పట్లో నవ్వుకున్నాం. పదేళ్ళ తర్వాత ఆమె కాలు విరిగింది. ఏ మొక్కు మరిచిపోయానో అని ఏడాదంతా రాత్రిళ్ళు లేచి కూర్చునేది. కాలు నొప్పి కన్నా ఆ భయమే ఎక్కువ బాధపెట్టింది. మొన్న మనవడికి జ్వరం వస్తే అమ్మ పసుపు గుడ్డలో ముడుపు కట్టింది. కోడలు మందు పట్టి, వాడి పక్కన లింగంతో కూర్చుంది. ఏమీ అడగలేదట. "అడగకపోతే దేవుడెందుకే?" అని అమ్మ మండిపడింది. నాకు మాత్రం ఆ పిల్ల ముఖంలో భయం లేకపోవడం కనిపించింది. ఒక్కడినే నమ్మడంలో అర్థముందా అంటే, నాకు కనిపించిన అర్థం అదే. ఎవరికి కోపం వచ్చిందో వెతుక్కోనక్కర్లేదు.

మరి నేనెందుకు మారలేను? నది ఒడ్డున మెట్ల మీద కూర్చుని వియ్యంకులతో అదే చెప్పాను. ఆళ్ళగడ్డ దగ్గర మాకిప్పుడు పొలం లేదు, ఇల్లు లేదు, పలకరించే మనిషి లేడు. ఇంట్లో ఒక పిల్లవాడు పుడితే, వాడి జుట్టు కోసం ఆ దారి పడతాం. నరసింహుణ్ణి వదిలేస్తే మాకు ఆ ఊరే ఉండదు.

"అది దేవుడి సంగతి కాదు, ఊరి సంగతి" అన్నారాయన.

"మాకు రెండూ ఒకటేనండీ."

"బసవణ్ణ విడదీసింది సరిగ్గా దాన్నే. దేవుడు ఊరికీ కులానికీ కట్టుబడి ఉన్నంతకాలం హరళయ్య కొడుక్కి పిల్లనెవరిస్తారు?" కాసేపాగి, తనే గొంతు తగ్గించి అన్నారు. "మాలో మాత్రం ఏముంది? లింగాలు కట్టుకుని మళ్ళీ ఉపకులాలు లెక్కపెట్టుకుంటున్నాం. మీ అబ్బాయి సంగతి తెలిసినప్పుడు మా ఇంట్లో నెల రోజులు పొయ్యి సరిగ్గా వెలగలేదు. నేనూ మాట్లాడలేదు."

ఆ సంగతి నాకు అంతవరకూ తెలియదు. మా ఇంట్లోనూ అంతే జరిగిందని నేనూ అప్పుడే చెప్పాను. ఇద్దరం కాసేపు నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాం. అవతలి ఒడ్డున తంగడగి ఉందనీ, బసవన్న భార్య నీలమ్మ ఐక్యమైంది అక్కడేననీ ఆయన చెప్పారు. ఈసారి అక్కడికి కూడా వెళ్ళాలి.

తిరుగు ప్రయాణంలో కోడలే కదిపింది. "అజ్జీ, అహోబిలంలో నరసింహులు ఎందరు?"

"తొమ్మిదిమంది" అంది అమ్మ ఉత్సాహంగా, జ్వాల, మాలోల, పావన అని వేళ్ళు మడుస్తూ.

"ఒక్కడికే తొమ్మిదా!" అని నవ్వింది కోడలు. తర్వాత మెల్లగా, "నేను వస్తాను. మొక్కను. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. లింగం వాడి మెడలోనే ఉంటుంది" అంది.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. హొసపేట దీపాలు కనిపించాక, "నువ్వు మొక్కకపోతేనేం, నేనున్నానుగా. కొత్త చీర మాత్రం కట్టుకో" అంది.

తేదీ ఇంకా కుదరలేదు. అమ్మకు పంచాంగంలో మంచిరోజు కావాలి, కోడలికి ఆఫీసులో సెలవు కావాలి. ఆ రాత్రి కారులో జుట్టు కళ్ళలో పడుతోందని వాడు మారాం చేస్తుంటే, కోడలి చేతి సంచిలోంచి రబ్బరు బ్యాండు అడిగి తీసుకుని అమ్మ వాడికి పిలక వేసింది.