బోల్ ఊళ్లో పుస్తకాల వేట

కొలోన్ వచ్చాక జర్మన్ రచయిత హైన్రిష్ బోల్ పుస్తకం ఒకటి ఈ ఊళ్లోనే కొనాలనిపించింది. ఆయన 1917లో పుట్టింది ఇక్కడే. 1972లో నోబెల్ అందుకున్నారు. నేను కోరుకున్నది ‘కాతరీనా బ్లూమ్’ నవల. 1974లో దాన్ని అచ్చేసిన కీపెన్‌హోయర్ ఉండ్ విట్ష్ కూడా ఈ ఊరి సంస్థే. నాకు వచ్చిన జర్మన్ కూడబలుక్కునేంతే. చదివి చెప్పడానికి మా అమ్మాయి ఉంది.

స్టేషన్‌లోని షాపులో ధర చూశాం. పేటలోని చిన్న కొట్లోనూ అంతే, ఆన్‌లైన్‌లోనూ అంతే. “ఎక్కడికెళ్లినా ఇంతే నాన్నా, ఇక్కడ చట్టం అది” అంది అమ్మాయి. 2002 నాటి చట్టం ప్రకారం కొత్త పుస్తకాన్ని ప్రచురణకర్త పెట్టిన ధరకే ఎవరైనా అమ్మాలి. పుస్తకం వచ్చి 18 నెలలు దాటాకే ఆ కట్టుబాటును ఆయన ఎత్తేయవచ్చు. మన పుస్తక ప్రదర్శనల్లో పది శాతం తగ్గింపుకి అలవాటుపడ్డ నాకు మొదట ఇది కఠినంగా తోచింది. అయితే ఒక్కో పేటలో ఇంకా బతికున్న చిన్న కొట్లను చూశాక ఆ చట్టం మీద గౌరవం కలిగింది. పెద్ద వ్యాపారి ధర తెగ్గోసి చిన్నవాణ్ణి మూయించలేడు కదా! మన ఊళ్లలో మూతపడ్డ పుస్తకాల షాపులు తలుచుకుంటే బాధేసింది.

మరి డబ్బు తక్కువున్న పాఠకుడి మాటేమిటి? కొట్ల ముందు బల్లల మీద చౌక పుస్తకాలున్నాయి. కాస్త దెబ్బతిన్న ప్రతులకు అంచు మీద ముద్ర వేసి తగ్గించి అమ్ముతారు. మిగులు ప్రతులూ అక్కడికే చేరతాయి. ఈ మిగులు సరుకుతోనే ఎదిగిన సంస్థ ఒకటి ఈ ఊళ్లో ఉంది: టాషెన్. బెనెడిక్ట్ టాషెన్ 1980లో ఇక్కడ కామిక్స్ కొట్టు పెట్టాడు. 1984లో చిత్రకారుడు మాగ్రిట్ మీద వచ్చిన ఒక ఆంగ్ల పుస్తకం ప్రతులు 40,000 మిగిలిపోతే, మొత్తం కొనేసి చవగ్గా అమ్మాడు. చౌకగా ఇస్తే కళల పుస్తకాన్ని మామూలు జనం కూడా కొంటారని అలా తేలింది. ఆ తర్వాత తానే అచ్చు వేయడం మొదలుపెట్టాడు.

అసలు డబ్బే అక్కర్లేని చోట్లూ ఉన్నాయి. కూడళ్లలో ఉక్కు, అద్దంతో చేసిన పుస్తకాల అలమరలుంటాయి, తాళాలు లేకుండా. కావలసింది తీసుకోవచ్చు, చదివేసింది పెట్టవచ్చు. వాటిని సర్ది చూసుకునేది ఆ వీధివాళ్లే. ష్టాట్‌గార్టెన్ పార్కులోని ‘మినిబిబ్’ ఇంకా నచ్చింది. స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే చిన్న గ్రంథాలయం అది. కార్డు లేదు, రుసుము లేదు, నమ్మకమే. ఒక తల్లి పిల్లాడికి బొమ్మల పుస్తకం తీసుకుంటుంటే పేరు కూడా అడగలేదు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం పెట్టినవాళ్లు ఇది చూస్తే ఎంత సంతోషించేవారో!

అలమరల్లో బోల్ దొరికాడు గానీ నేను వెతికే నవల కాదు. చివరికి పాత పుస్తకాల కొట్లో రెండు యూరోలకు దొరికింది. పాత పుస్తకానికి ఆ చట్టం వర్తించదు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పాత పుస్తకాలకు బేరమాడినవాణ్ణే అయినా, ఇక్కడ బేరమాడకుండానే కొనేశాను.

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక అమ్మాయి కొన్ని పేజీలు చదివి చెబుతోంది. అంచుల్లో ఎవరో పెన్సిల్‌తో అర్థాలు రాసుకున్నారు. ఈ నవల ఇక్కడి బడుల్లో పాఠంగా చెబుతారట. ఏ విద్యార్థి ప్రతో మరి. ఆ రాతలు నాకూ పనికొస్తున్నాయి.