రెండో నంబరు హైవే మీద హాకీ వాదం

కాల్గరీ నుంచి ఎడ్మంటన్‌ వెళ్లే రెండో నంబరు హైవే సుమారు 300 కిలోమీటర్లు. దానికి ఎలిజబెత్ రాణి పేరు పెట్టారు. అక్కడివాళ్లు పొట్టిగా 'క్యూఈ టూ' అంటారు. ఊరు దాటగానే ఎడమ పక్క రాకీ పర్వతాలు మంచుతో తెల్లగా చాలాసేపు వెంట వస్తాయి. కుడి పక్క చూపు ఆనినంత మేర చదునైన పొలాలు. మే చివరి వారం కాబట్టి అప్పుడే విత్తనాలు వేస్తున్నారు, పెద్ద పెద్ద ట్రాక్టర్ల వెనక దుమ్ము లేస్తోంది. 2022 మే 24, మంగళవారం మధ్యాహ్నం మేం ముగ్గురం ఆ దారి పట్టాం. కార్ల కిటికీలకు కట్టిన జెండాలు కాల్గరీ దగ్గర అన్నీ ఎర్రవే. ఉత్తరానికి పోయేకొద్దీ వాటిలో నారింజ, నీలం కలుస్తూ వచ్చాయి.

కారు నడుపుతున్నది మా చెల్లెలి భర్త. తెనాలి మనిషి. ఆయిల్ కంపెనీలో ఇంజనీరుగా వచ్చి కాల్గరీలోనే స్థిరపడ్డాడు, ఫ్లేమ్స్ జట్టంటే ప్రాణం. వెనక సీట్లో మా మేనల్లుడు. వాడు ఎడ్మంటన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ఆల్బర్టాలో చదువుతున్నాడు, విక్టోరియా డే సెలవుకు ఇంటికొచ్చి తిరిగి వెళ్తున్నాడు. చదువుకని వెళ్లి అక్కడి ఆయిలర్స్ జట్టు మనిషైపోయాడు. తండ్రి ఒంటి మీద ఎర్ర జెర్సీ, కొడుకు ఒంటి మీద నారింజ జెర్సీ. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి ఇద్దరూ నాకే చెబుతున్నట్టు ఒకరితో ఒకరు వాదించుకున్నారు.

ఆ వాదానికి ముందు కథ చెప్పాలి. ఆల్బర్టాలోని ఈ రెండు నగరాల ఐస్ హాకీ పోటీ 1980ల నాటిది. ఎడ్మంటన్ 1979లో ఎన్‌హెచ్‌ఎల్ అనే హాకీ లీగులోకి వచ్చింది, మరుసటి ఏడాది ఫ్లేమ్స్ జట్టు అట్లాంటా నుంచి కాల్గరీకి తరలివచ్చింది. వేన్ గ్రెట్జ్‌కీ అనే ఆటగాడు ఉన్న రోజుల్లో ఎడ్మంటన్ ఆ లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్పును నాలుగుసార్లు గెలిచింది, ఆయన వెళ్లిపోయాక 1990లో ఐదోది. కాల్గరీది ఒక్కటే, 1989లో. 1986లో ఏడో మ్యాచ్‌లో ఎడ్మంటన్ కుర్రాడు స్టీవ్ స్మిత్, తన పుట్టినరోజు నాడే, కొట్టిన పాస్ సొంత గోలీ (గోల్‌కీపర్) కాలికి తగిలి సొంత గోల్లోకే పోయింది, కాల్గరీ గెలిచింది. ఆ సంగతి చెబుతున్నప్పుడు మా బావ గొంతులో ఇవాళ జరిగినంత సంతోషం. 1991 తర్వాత ఈ రెండూ ప్లేఆఫ్స్‌లో, అంటే కప్పు కోసం ఆడే నాకౌట్ సిరీస్‌ల్లో, ఎదురుపడనే లేదు. 31 ఏళ్ల తర్వాత ఇదే. ఏడు మ్యాచుల సిరీస్, ముందు నాలుగు గెలిచినవాళ్లు పైకి పోతారు.

మొదటి మ్యాచ్ కాల్గరీ 9-6తో గెలిచింది. నిమిషం తిరక్కుండానే రెండు గోల్స్ కొట్టింది. అయినా 6-2 కాస్తా 6-6 అయింది, మళ్లీ కాల్గరీయే మూడు కొట్టి బయటపడింది. రెండో మ్యాచ్‌లో ఫ్లేమ్స్ 3-1తో ముందుండి 5-3తో ఓడిపోయారు. ఎడ్మంటన్‌లో జరిగిన మూడోది ఆయిలర్స్ 4-1తో లాగేసుకున్నారు. మేం కారెక్కేసరికి లెక్క ఎడ్మంటన్ రెండు, కాల్గరీ ఒకటి. నాలుగోది ఆ సాయంత్రమే, ఎడ్మంటన్‌లో.

"హాకీ ఒంటితో ఆడే ఆట బావా," అన్నాడు మా బావ. "మొదటి మ్యాచ్‌ల్లో వాళ్ల డిఫెన్స్‌ను బోర్డుకేసి కొడుతూనే ఉండాలి. ఐదో మ్యాచ్‌కి వాళ్ల కాళ్లు లేవవు. మా కోచ్ సటర్ సిద్ధాంతం అదే. ఆయన్ని చూడు, వైకింగ్ అనే పల్లెలో రైతుబిడ్డ. ఏడుగురు అన్నదమ్ముల్లో ఆరుగురు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడారు."

"కాళ్లు లేవనిది మీవాళ్లకే నాన్నా. డాలస్‌తో ఏడు మ్యాచులు ఆడి వచ్చారు."

"మీరు లాస్ ఏంజెలెస్‌తో ఆడింది ఎన్ని? ఏడు కాదూ?"

"మేం 3-2తో వెనకబడి గెలిచాం. ఆ ఊపు మాకుంది."

"తొమ్మిది గోల్స్ కొట్టిన ఊపు మాకు లేదా?"

"ఉంటే రెండో మ్యాచ్‌కి ఏమైంది? మూడో మ్యాచ్‌లో లూచిచ్ వచ్చి మా గోలీని గుద్దాడు. నలభై ఏళ్ల మనిషి, వెళ్లి బోర్డుకి తగిలాడు. మామయ్యా, అది గట్టితనమా, చేతకానితనమా? నువ్వే చెప్పు."

మా బావ వెంటనే జవాబివ్వలేదు. మిలన్ లూచిచ్ ఒకప్పుడు ఎడ్మంటన్ ఆటగాడే. ఆ దెబ్బకు అతన్ని రిఫరీలు మ్యాచ్ నుంచి పంపించేశారు. బావకు ఆ దెబ్బ నచ్చలేదని నాకు తెలుసు. కొడుకు ముందు ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

నేను కబడ్డీ చూస్తూ పెరిగినవాణ్ని. ఒంటికి ఒళ్లు తగిలే ఆట నాకు కొత్త కాదు. ఇద్దరూ 'దమ్ము' అన్నది ఎదుటివాణ్ని పడగొట్టడంలోనే వెతుకుతున్నారని నాకు అనిపించింది. నాకు తెలిసిన మంచి రెయిడర్లు ఎదుటివాళ్లు కాళ్లు పట్టుకున్నా గీత దాకా చెయ్యి చాచినవాళ్లు.

రెడ్ డీర్ ఊరికి దక్షిణాన గ్యాసోలిన్ ఆలీ అని పెట్రోలు బంకులు, తిండి హోటళ్ల వరస ఉంటుంది. కాల్గరీకీ ఎడ్మంటన్‌కూ సరిగ్గా మధ్య. ఆగనివాళ్లు అరుదు. టిమ్ హార్టన్స్‌లో కాఫీ తాగాం. ఆ కాఫీ దుకాణాల పేరు కూడా ఒక హాకీ ఆటగాడిదే, టొరాంటో డిఫెన్స్‌లో చాలా ఏళ్లు ఆడిన టిమ్ హార్టన్‌ది. పక్క బల్ల దగ్గర ఒక ముసలి జంట. భర్త టోపీ ఎర్రది, భార్య టోపీ నారింజది. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఇంతే అని ఆమె చెప్పింది. ఆయన కుర్రతనంలో జూనియర్ హాకీ ఆడినవాడట. మా వాళ్లిద్దరూ ఊపు గురించే మాట్లాడుతున్నారని తెలిసి కుర్చీ మా వైపు తిప్పుకున్నాడు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన మాటలు ఆయన చెప్పినవే.

హాకీలో ఒక ఆటగాడు ఐస్ మీద ఒక్కసారికి ముప్పావు నిమిషం, మహా అయితే నిమిషం ఉంటాడు. ఊపిరి అయిపోతుంది, బెంచీకి పోయి ఇంకొకణ్ని పంపాలి. ఆటలోని మూడు పీరియడ్లలో మొదటి, మూడోవాటిలో బెంచీ తమ గోల్‌కు దగ్గర. రెండో పీరియడ్‌లో వైపులు మారతాయి, బెంచీ దూరమైపోతుంది. అప్పుడు ఎదుటి జట్టు పక్‌ను (బంతి బదులు వాడే రబ్బరు బిళ్లను) మన గోల్ ముందే తిప్పుతుంటే అలిసిన ఐదుగురూ అక్కడే ఇరుక్కుపోతారు. భయపడి పక్‌ను దూరంగా విసిరితే ఐసింగ్ అంటారు, అప్పుడు మనిషిని మార్చుకోవడానికి వీల్లేదు. కొత్త కాళ్లతో వచ్చినవాళ్లు చచ్చిన కాళ్ల మీద గోల్ కొడతారు. "బయట కూర్చున్నవాళ్లకు అది ఊపులాగా కనిపిస్తుంది. ఐస్ మీదున్నవాడికి అది ఊపిరాడకపోవడం," అన్నాడాయన. ఆ మాట విని మేనల్లుడు ఉన్నట్టుండి, మూడో మ్యాచ్‌లో తమవాళ్లు కొట్టిన నాలుగు గోల్సూ రెండో పీరియడ్‌లోవేనని గుర్తు చేశాడు. ఇవాండర్ కేన్ ఒక్కడే ఆరు నిమిషాల్లో మూడు కొట్టాడు.

రెడ్ డీర్ దాటాక పర్వతాలు కనిపించలేదు. లకోమ్, పొనోకా బోర్డులు వెనక్కి పోయాయి. లెడూక్ దగ్గర పడుతుండగా బావ హాకీ వదిలేసి తన వృత్తిలోకి వచ్చాడు. 1947 ఫిబ్రవరి 13న లెడూక్ నంబర్ వన్ బావిలో చమురు పడింది, ఆల్బర్టా బతుకే మారిపోయింది. ఎదుటి జట్టు పేరు ఆయిలర్స్, తన జీతం ఆ ఆయిల్‌దే. ఆ విషయం చెప్పేటప్పుడు ఆయన మాటలో ఎడ్మంటన్ మీద గౌరవమే ఉంది.

సాయంత్రానికి రోజర్స్ ప్లేస్ స్టేడియం పక్కనున్న మైదానానికి చేరాం. పెద్ద తెర కట్టారు. ఆ చోటుకు మాస్ పిట్ అని పేరు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టి, ఆయిలర్స్ డ్రెస్సింగ్ రూమ్‌లో దశాబ్దాల పాటు సహాయకుడిగా పనిచేసి, 2020లో చనిపోయిన జోయీ మాస్ పేరు అది. ఆయిలర్స్ గెలిస్తే వేసే 'లా బాంబా' పాట కూడా ఆయన ఇష్టం కొద్దీ వచ్చిందే. ఒక జట్టు తన అభిమానులు చేరే చోటుకు ఇలాంటి మనిషి పేరు పెట్టుకోవడం నాకు ఎంతో నచ్చింది. జనంలో నారింజ రంగు తలపాగాలు చాలా కనిపించాయి. ఈ రాష్ట్రంలోని బ్రూక్స్ ఊళ్లో పుట్టిన హర్‌నారాయణ్ సింగ్ ఏళ్ల తరబడి పంజాబీలో హాకీ కామెంటరీ చెబుతూ వచ్చాడు. ఆ ఫలితం ఆ మైదానంలో కళ్లకు కనిపించింది.

ఎర్ర జెర్సీతో అంత నారింజలో నిలబడిన మా బావను ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు. ఆట మొదలైన 21 సెకన్లకే ఎడ్మంటన్ గోల్. మొదటి పీరియడ్‌లోనే 3-0. మేనల్లుడు ఎగిరి గంతులేశాడు. రెండో పీరియడ్‌లో కాల్గరీ రెండు తిరిగిచ్చింది, కాఫీ దుకాణం పెద్దమనిషి చెప్పినట్టే. మూడోదానిలో వింత. కాల్గరీ వైపు ఒక మనిషి తక్కువగా ఆడుతుండగా, రాస్మస్ ఆండర్సన్ తమ సగంలోంచి, 132 అడుగుల దూరం నుంచి ఊరికే వదిలిన పక్ ఎడ్మంటన్ గోలీ మైక్ స్మిత్‌ను దాటి గోల్లోకి పోయింది. 3-3. మైదానం మొత్తం స్తంభించింది, మా బావ ఒక్కడే అరిచాడు. ఆ లెక్కన ఊపంతా కాల్గరీదే కావాలి. కానీ మూడున్నర నిమిషాలు మిగిలి ఉండగా ఎడ్మంటన్ ఆటగాడు న్యూజెంట్-హాప్కిన్స్ గోల్ కొట్టాడు. 5-3తో ఎడ్మంటన్ గెలిచింది. అలాంటి గోల్ ఇచ్చుకున్న నలభై ఏళ్ల స్మిత్ ఆ తర్వాత ఒక్కటీ పోనివ్వలేదు. ఆ రాత్రి నాకు కనిపించిన గట్టితనాల్లో అదొకటి.

రెండోది లియాన్ డ్రైసైట్ల్‌ది. జర్మనీ నుంచి వచ్చిన ఆ ఆటగాడు లాస్ ఏంజెలెస్ సిరీస్‌లో చీలమండ దెబ్బ తిన్నాడు. తెర మీద కూడా అతను ఒక కాలు మీదే తోసుకుంటున్నట్టు తెలుస్తోంది. పరిగెత్తలేనివాడు ఒకచోట నిలబడి, ఎవరూ ఊహించని సందుల్లోంచి పాస్‌లు ఇస్తూ పోయాడు. ఈ సిరీస్ ఐదు మ్యాచ్‌ల్లో అతనికి వచ్చినవి 17 పాయింట్లు. అందులో గోల్స్ రెండే, మిగతా 15 ఇతరులకు పెట్టినవి.

మూడోది ఓడిన జట్టులో ఉంది. కాల్గరీ డిఫెన్స్ ఆటగాడు క్రిస్ టానెవ్ మొదటి మూడు మ్యాచులు ఆడలేదు, ఆ రాత్రి దిగాడు. సిరీస్ అయ్యాక తెలిసింది: భుజం కీలు లోపల చిరుగు, మెడ బెణుకు, తర్వాత ఆపరేషన్. ఈ మాట తెలిసిన రోజు మేనల్లుడు వాళ్ల నాన్నకు ఫోన్ చేసి "టానెవ్‌కు దండం నాన్నా" అన్నాడట.

ఐదో మ్యాచ్‌కి గురువారం కాల్గరీలో సెవెంటీన్త్ అవెన్యూలో ఉన్నాం. వీధి వీధంతా ఎరుపు. ఫ్లేమ్స్ మొదట 2-0తో ముందుకెళ్లారు. మళ్లీ రెండో పీరియడ్: 71 సెకన్లలో రెండు జట్లూ కలిసి నాలుగు గోల్స్, ప్లేఆఫ్స్ చరిత్రలో అంతకు ముందెప్పుడూ అంత వేగంగా పడలేదు. 4-4 మీద ఉండగా, ఆరు నిమిషాలు మిగిలినప్పుడు, కాల్గరీ ఆటగాడు బ్లేక్ కోల్‌మన్ గోల్‌ను కాలితో తన్నాడని రద్దు చేశారు. ఆ నిర్ణయం తప్పని వీధిలో అందరూ అన్నారు, నాకూ తప్పనే అనిపించింది. ఓవర్‌టైమ్ ఐదు నిమిషాలు దాటగానే డ్రైసైట్ల్ పాస్, అదే జట్టు మెక్‌డేవిడ్ గోల్. సిరీస్ 4-1.

ఇంటికి వెళ్లే దారిలో బావ, "ఆ గోల్ ఇచ్చి ఉంటే ఊపు మారేది బావా," అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది, కానీ ఆ మాటను ఒప్పుకోలేదు. ఆట నడుస్తుండగా ఊపు నిజం. అలిసిన కాళ్లలో, దూరమైన బెంచీలో దాన్ని కళ్లారా చూశాం. అది నిమిషాల్లో పుట్టి నిమిషాల్లో పోతుంది. ఒక మ్యాచ్ నుంచి ఇంకో మ్యాచ్‌కు మాత్రం అది ప్రయాణించదు. మనుషులు నిద్రపోతారు, కాళ్లు కోలుకుంటాయి, మళ్లీ 0-0 నుంచే మొదలు. తొమ్మిది గోల్స్ కొట్టిన జట్టు వరసగా నాలుగు ఓడింది. గెలుస్తూ పోయిన ఎడ్మంటన్‌కైనా ఆ ఊపు మిగలలేదు. తర్వాతి సిరీస్‌లో కొలరాడో వాళ్లను నాలుగుకు నాలుగూ ఓడించింది, ఆ ఏడాది కప్పు కూడా కొలరాడోదే.