దడ

తెలుగులో భయమూ దడే, గుండె లయ తప్పి కొట్టుకోవడమూ దడే. పిచ్చిదని ముద్ర పడిన ఆడమనిషి "దడగా ఉంది" అంటే మాత్రం అందరికీ భయమే వినిపిస్తుంది.

మా అక్కది అవనిగడ్డ దగ్గర పల్లె. స్కిజోఫ్రెనియాకి పదిహేనేళ్ళుగా హలోపెరిడాల్ వాడుతోంది. ఆ మాత్రలతోనే చెవిలో గొంతులు సద్దుమణిగాయి, కోడళ్ళకి ఆవకాయ కొలతలు చెప్పే మనిషి మళ్ళీ మాకు దక్కింది. అందుకని ఆ మందుని తిట్టడానికి కూర్చోలేదు నేను. ఆమధ్య జ్వరం, దగ్గు వస్తే ఊళ్ళో అజిత్రోమైసిన్ ఇచ్చారు. వాంతులు, విరేచనాలు కూడా పట్టుకున్నాయి. రెండ్రోజులకి గుండె దడదడలాడుతోందనీ, కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయనీ అంది. "మళ్ళీ మొదలైంది" అన్నాడు బావ. విజయవాడ తీసుకొస్తే ఒక డాక్టరు ఫైలు మీద జబ్బు పేరు చూసి నిద్రమాత్ర రాసి పంపేశాడు. సూర్యారావుపేటలో అడుగుకో ఆసుపత్రి, ఇ.సి.జి. తీయడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు అక్కకి దొరకలేదు.

మర్నాడు ఇంకో డాక్టరమ్మ తీయించింది. క్యూటీ 510 మిల్లీసెకన్లు. గుండె కింది గదులు ఒకసారి ప్రేరణ పొంది మళ్ళీ సిద్ధమయ్యేదాకా పట్టే కాలం అది. ఆడవాళ్ళలో 460 లోపు ఉండాలి, 500 దాటితే లయ తప్పి ఉన్నట్టుండి ప్రాణం పోయే ప్రమాదముంది. హలోపెరిడాల్ ఆ కాలాన్ని పొడిగిస్తుంది, అజిత్రోమైసిన్ కూడా అంతే. వాంతులు, విరేచనాలతో పొటాషియం పడిపోయింది. మూడూ అక్క ఒంట్లోనే కలిశాయి.

ఇదేమీ వైద్యులకి తెలియని సంగతి కాదు. ఈ కారణంగానే థయోరిడజిన్ అనే మందుకి 2000లో అమెరికాలో తీవ్ర హెచ్చరిక జోడించారు, 2005లో తయారీదారులే దాన్ని ఉపసంహరించుకున్నారు. 2009లో టెన్నెసీ అధ్యయనం, పాతవైనా కొత్తవైనా ఈ మందులు వాడేవారిలో ఆకస్మిక గుండె మరణాలు సుమారు రెట్టింపని చూపింది. యుక్తవయసు నుంచీ ఆడవాళ్ళ క్యూటీ మగవాళ్ళకంటే ఎక్కువ. మందుల వల్ల వచ్చే ఈ రకం లయభంగంలో దాదాపు మూడింట రెండు వంతులు ఆడవాళ్ళకే. అయినా బిడ్డల్ని కనే వయసు స్త్రీలని తొలిదశ మందుల పరీక్షల్లోంచి 1977లో తప్పించింది అమెరికా. ఆ నియమం 1993 దాకా నడిచింది. మనల్ని కాపాడటానికేనట!

"మందు మొత్తం ఆపేస్తే?" అన్నాడు బావ. డాక్టరమ్మ కంటే ముందు అక్కే జవాబు చెప్పింది. "గుండాగితే ఒకసారే పోతాను. ఆ గొంతులు రోజూ చంపుతాయి." ఆ మాట విన్నది కాబట్టే డాక్టరమ్మ ఉన్నపళాన ఆపలేదు. అజిత్రోమైసిన్ మాన్పించి, పొటాషియం ఎక్కించి, మానిటర్ మీద ఉంచి, నెమ్మదిగా అరిపిప్రజోల్‌కి మార్చింది. నెల తర్వాత క్యూటీ 450కి దిగింది.

తన వైద్యం రికార్డులు అడిగి తీసుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉందని చెబితే, అక్క రెండు ఇ.సి.జి.లూ అడిగి తీసుకుంది. ఆ కాగితం మీద గీతలు కొన్నాళ్ళకి వెలిసిపోతాయని ల్యాబ్ అబ్బాయి అంటే, బస్టాండు దగ్గర ఆగి రెండేసి జెరాక్సులు తీయించింది. ఒకటి నాకిచ్చింది.