బొమ్మల కథలలో అన్నము

బొమ్మల కథలనిన మాకు చిరకాలము చిన్నచూపే యుండెను. పెద్దలు చదువదగినది పద్యమో వచనమో కాని, గడులు గీసి బొమ్మలు నింపిన పుస్తకము కాదని మా యభిప్రాయము. రెండేండ్ల క్రిందట మా యింటి యిల్లాలు గతించిన పిదప, మాకు తోడుగా నుండుటకు వచ్చిన మా కూతురి కూతురు తన సంచినిండ జపాను దేశపు బొమ్మల కథలు తెచ్చెను. వీనిని మాంగా యందురు. మేమొకటి చేతికి దీసికొని తెఱువగానే ఆ పిల్ల నవ్వి, "తాతయ్యా, నువ్వు చివరనుంచి మొదలుపెట్టావు. ఇది కుడినుంచి ఎడమకి చదవాలి" అనెను. డెబ్బదవ యేట మరల అక్షరాభ్యాసమైనది.

ఆ పుస్తకము పేరును తెనిగించినచో "తీపియు మెఱుపును" అనవచ్చును. దీనిని రచించినవారు అమగకురె గిదో. (మనవలెనే వారును ఇంటిపేరు ముందుంచుకొందురు.) ఇది 2013 మొదలు 2019 వఱకు నొక పత్రికలో వెలువడెను. ఇనుజుక కోహెయి యను నుపాధ్యాయునికి భార్య చనిపోయి ఆఱు నెలలైనది. త్సుముగి యను పసికూతురు కలదు. అతనికి వంట రాదు, తీరికయు లేదు. అంగడిలో కొన్న పొట్లములే బిడ్డకు భోజనము. ఒకనాడతడు ఇల్లు చేరునప్పటికి ఆ పిల్ల టెలివిజనులో కనబడు వంటకమునకు మొగమానించి నిలుచుండి, దీనిని అమ్మచేత చేయింపుమని తండ్రి నడుగును. అతడు బిడ్డ నెత్తుకొని పరుగెత్తి, తన శిష్యురాలి తల్లి నడుపు చిన్న పూటకూటింటికి పోవును. ఆ తల్లి ఊరలేదు. శిష్యురాలికి కత్తి పట్టుటకే భయము. ఆ రాత్రి వారు చేయగలిగినది మట్టికుండలో అన్నము వండుట మాత్రమే. పిల్ల పొయ్యి యెదుటినుండి కదలదు. కూర లేదు, పులుసు లేదు. తెల్లని అన్నమును ముగ్గురు కూర్చుండి తిందురు. కథ యింతే. మేము మాత్రము పుస్తకము మూసి కొంతసేపు వీథివైపు చూచుచు కూర్చుంటిమి.

జపాను భాషలో "గోహన్" అనగా వండిన అన్నము. భోజనమునకును అదియే పేరు. కనబడిన ప్రతివానిని "అన్నము తిన్నావా" యని పలుకరించు మనకు దీనిని వివరింపనక్కఱ లేదు. వారికి ఈ కథలలో చప్పుళ్లను సయితము బొమ్మలోనే అక్షరములుగా వ్రాయు నాచారము కలదు. నోటినిండ నమలుట "మోగు మోగు". పొడుగాటి పోగులను పీల్చి తినుట "జురు జురు". మన "జుఱ్ఱుట" అంత దూరము ఎట్లు పోయినదని మనుమరాలిని వేళాకోళముగా నడిగితిమి. రెండు భాషలకు చుట్టఱికము లేకున్నను, నోటికి చుట్టఱికము ఉండవచ్చును గదా!

ఈ తిండి గొడవ యంతయు నాలుక చాపల్యమని మేము తలంచుచుండగా, నకజావ కెయిజి రచించిన "ఉత్తకాళ్ల గెన్" మాచేతికి వచ్చినది. 1945వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన హిరోషిమామీద అణుబాంబు పడునాటికి ఈ గ్రంథకర్త ఆఱేండ్ల బాలుడు. తండ్రియు, అక్కయు, తమ్ముడును ఆనాడే మరణించిరి. 1973లో మొదలైన యీ కథ చాలవఱకు ఆయన బ్రదికిన బ్రదుకే. ఇందులో బాంబు పడుటకు ముందే ఆకలి యున్నది. ఒక్క చిలగడదుంపకై అన్నదమ్ములు పెనగులాడుదురు. గోధుమ మొక్క ఎన్నిమారులు త్రొక్కబడినను వేళ్లూని నిలుచునని తండ్రి పిల్లలకు చెప్పును. బాంబు పడిన దినముననే తల్లికి ఆడుబిడ్డ పుట్టును. తల్లికి పాలు రావు. గెన్ బియ్యమునకై శవముల నడుమ తిరుగును. మీగడవలె మెఱయు అన్నపు మెతుకులను జపాను చిత్రకారు లంత శ్రద్ధతో ఏల గీయుదురో ఈ పుస్తకము చదివినవారికి వేఱుగ చెప్పవలసిన పని లేదు. ఆ కళలో ఒక తరమువారు నిజముగా పస్తులుండినవారు. ఆ పస్తు తరువాతి తరమువారి కథలలోనికి కూడ దిగినది. ఓద ఎయిచిరో 1997లో మొదలిడిన ఓడదొంగల కథ వినోదార్థమే కాని, అందులోను సాంజి యను వంటవాడున్నాడు. వాని బాల్యమున ఓడ మునిగి, బండపై చిక్కుకొన్నప్పుడు, వృద్ధుడైన నావికుడొకడు ఉన్న తిండి యంతయు వానికిచ్చి తన కాలిని తాను తిని బ్రదికెను. పెద్దవాడైన సాంజి ఆకలిగొన్నవాడు శత్రువైనను ముందు అన్నము పెట్టును.

ఇక మన పాఠకురాండ్రు మెచ్చదగిన పుస్తకము "వంట నాన్న". ఉయెయామ తోచి రచించిన దీనిని, ఆ భాష నేర్చుకొనుచున్న మనుమరాలు మాకు చదివి వినిపించినది. 1985 నుండి నడచుచున్న యీ కథలో అరయివ కజుమి ఫుకువోకలో నొక కంపెనీలో ఉద్యోగి, గండరగండని వంటి మనిషి. భార్య పత్రికా విలేఖరి. ఆమెకు వంట చేతకాదు. ఇంట వండువాడు ఇతడే. అయినను తాను కట్టుకొని వచ్చిన మధ్యాహ్నపు డబ్బాను కచేరీలో నెవరైన మెచ్చుకొనినచో, మొదట చాలకాలము అది భార్య చేతివంటయే యని బొంకును! పెండ్లివంటవాడు మగవాడైనచో గౌరవము, ఇంట గరిటె పట్టినచో నగుబాటు అను మన లోకరీతి అక్కడను ఇట్లే యున్నది. యోషినగ ఫుమి 2007లో మొదలిడిన "నిన్న ఏమి తింటివి" అను దానిలో ఇద్దరు పురుషులు దంపతులవలె కాపురము చేయుదురు. న్యాయవాది యైనవాడు ధరలు చూచి, నెలకింతయని లెక్క గట్టి, కూరలు కొని వండును. రెండవవాడు తిని బాగున్నదనును. ఆ మాట యనుట కూడ నొక పని యని మాకు తోచినది.

అన్నిటికంటె మమ్ము బాధించినది "ఓయిషిన్బో". 1983లో మొదలైన దీనికి కథ కరియ తెత్సుది, బొమ్మలు హనసాకి అకిరావి. ఇందులో కైబర యూజాన్ గొప్ప కళాకారుడు, రుచుల విషయమున సార్వభౌముడు. భార్య వండి తెచ్చినది నచ్చనిచో త్రోసివేసి మరల వండించును. ఆమె ఆ చాకిరిలోనే నశించెనని నమ్మిన కొడుకు తండ్రి చేసిన కళాఖండములను పగులగొట్టి యిల్లు విడుచును. తండ్రీకొడుకుల వంటల పోటీ పుస్తకముల కొలది సాగును. చదువుచుండగా ఆ యూజాన్ మొగము మాకు పరిచితముగా తోచినది. స్త్రీవిద్యను గూర్చి సభలో మాటలాడి యింటికి వచ్చి, చారులో ఉప్పు చాలలేదని కంచము త్రోసిన దినములు మాకు జ్ఞాపకమున్నవి. ఆమె మాఱుమాటాడక లోనికి పోయి ఉప్పు తెచ్చెడిది. తరువాతి భాగములలో, ఆ తల్లి భర్త కళకై సంతోషముతోనే శ్రమించినదని కొడుకునకు తెలియజెప్పుదురు. కథ కది యవసరము కావచ్చును గాని మాకది జీర్ణము కాలేదు. చెప్పుటకు ఆమె బ్రదికి లేదు గదా!

ఆ రాత్రి మేము వండిన పప్పన్నము తినుచు మనుమరాలు, "అమ్మమ్మకి ఏం కూర ఇష్టం తాతయ్యా?" అని యడిగినది. నలువది యాఱేండ్ల కాపురము. మాకేది ఇష్టమో ఊరంతయు నెఱుగును. ఆమెకేది ఇష్టమో మేమెఱుగము. ఆమె భోజనము చేయగా చూచినట్లు సయితము జ్ఞాపకము రాలేదు. మేము చేయి కడుగుకొని వీథి యరుగు మీదికి వచ్చిన తరువాతనే ఆమె కూర్చుండెడిది కాబోలు.

మఱునాడు మా కూతురికి ఫోను చేసి యడిగితిమి. ఆమె కొంతసేపు పలుకలేదు. పిదప నిట్లు చెప్పెను: "అందరూ తిన్నాక కూర గిన్నెలోనే అన్నం వేసి, అడుగంతా ఊడ్చి కలుపుకునేది నాన్నా. నాకు ఇదే ఇష్టమే అనేది. నిజంగా ఇష్టమో, మిగిలింది అదేనో, నేనూ ఎప్పుడూ అడగలేదు."